మిద్దె కాలిపోతోంది, ఏప్రిల్ బిల్లు 486 యూనిట్లు: రెండో ఏసీ పెట్టాలా, ఇంటినే బాగు చేయాలా?

నయీంనగర్ పైపోర్షన్ (హన్మకొండ) | ఏప్రిల్ 22, రాత్రి 11:20

అందరికీ నమస్తే. మాది 2004లో కట్టిన జీ ప్లస్ వన్. కింద కిరాయికి ఇచ్చాం, పైన మేముంటాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, అమ్మ. స్లాబ్ దాదాపు 900 చదరపు అడుగులు. ఇల్లు తూర్పు ముఖం, కాబట్టి బెడ్‌రూములు రెండూ పడమర వైపు పడ్డాయి.

ఈ నెల మీటరు 486 యూనిట్లు చూపించింది. బిల్లు మూడున్నర వేలు దాటింది. డబ్బు సంగతి అలా ఉంచితే, నా అసలు బాధ అమ్మ గురించి. ఆమెకు 68 ఏళ్లు, బీపీ ఉంది. ఆమె గదిలో ఏసీ లేదు. రాత్రి పన్నెండు దాటినా గోడ మీద చెయ్యి పెడితే వేడి తెలుస్తోంది. ఫ్యాన్ వేస్తే పైనుంచి సెగ కిందికి తోస్తున్నట్టే ఉంటుంది. నిన్న రాత్రి ఒంటిగంటకు లేచి చూస్తే తువ్వాలు తడిపి మెడకు చుట్టుకుని హాల్లో బండల మీద పడుకుని ఉంది. అది చూశాక నాకు మళ్లీ నిద్ర పట్టలేదు.

ఇంకొక విషయం చెప్పాలి. మొన్న వానాకాలం స్లాబ్ కారితే ఒకతను వచ్చి వెనక సగం మీద నల్లటి డాంబరు షీటు వేసి పోయాడు. దీంతో వేడి కూడా తగ్గుతుందన్నాడు. కారడం ఆగింది, కానీ ఆ షీటు కింద ఉన్నది అమ్మ గదే. ఈ ఎండాకాలం ఆ గది మరీ ఘోరంగా ఉంది.

ఇంట్లో ఉన్నవి: 2017లో కొన్న ఒకటిన్నర టన్ను త్రీస్టార్ ఏసీ, నాలుగు పాత ఫ్యాన్లు, 2011 ఫ్రిజ్, ఒక కూలర్, 1 హెచ్‌పీ బోరు మోటారు, ఇన్వర్టర్. చేతిలో 60 వేలున్నాయి. అమ్మ గదికి రెండో ఏసీ పెట్టించమని మా బావమరిది అంటున్నాడు. మీరేమంటారు?

జగిత్యాల సోలార్ | ఏప్రిల్ 22, రాత్రి 11:52

అన్నా, ఏసీ తర్వాత, ముందు సోలార్ పెట్టించండి. కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30 వేలు, మూడోదానికి 18 వేలు సబ్సిడీ వస్తుంది. మూడు కిలోవాట్లకు మొత్తం 78 వేలు. కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్ల దాకా వస్తాయి, అంటే మూడింటికీ కలిపి నెలకు 350 దగ్గర. నేను పెట్టించి ఏడాదిన్నర అయింది. మా బిల్లు ఇప్పుడు రెండు మూడు వందలు దాటడం లేదు. పైగా ప్యానెళ్ల కింద స్లాబ్‌కు నీడ ఉంటుంది. ఎత్తు స్టాండు పెట్టించుకుంటే బట్టలు కూడా ఆరేసుకోవచ్చు.

రిటైర్డ్ వైర్‌మ్యాన్ (కాజీపేట) | ఏప్రిల్ 23, ఉదయం 6:10

తమ్మీ, సోలారూ వద్దు ఏసీ వద్దు అని నేననను. కానీ ఏది కొనాలన్నా ముందు నీ ఇల్లు ఎంత తాగుతోందో, ఎక్కడ తాగుతోందో తెలియాలి. 486 యూనిట్లకు ఆ సామాన్లు సరిపోవడం లేదు, ఇంకేదో ఉంది. నేను 33 ఏళ్లు స్తంభాలెక్కి దిగిన వాణ్ణి, ఒక పని చెప్తా విను.

రాత్రి అందరూ పడుకునే ముందు ఫ్యాన్లు, లైట్లు, ఏసీ, ఫ్రిజ్ అన్నీ బంద్ చెయ్. మీటరు దగ్గరికి పో. ఒక చిన్న ఎర్ర లైటు మెరుస్తుంటుంది. మీటరు మీదే 3200 అని, పక్కన ఇంపల్స్ అని రాసి ఉంటుంది. అంటే ఆ లైటు 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్ అయినట్టు. కొన్ని మీటర్లకు 1600 ఉంటుంది, చూసుకో. 3200 మీటరైతే, ఒక నిమిషంలో ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెట్టి 19తో గుణిస్తే అప్పుడు నడుస్తున్న వాట్లు వస్తాయి. అన్నీ బంద్ చేశాక కూడా మెరుస్తోందంటే ఏదో దొంగచాటుగా తాగుతున్నట్టు. అప్పుడు ఒక్కొక్క ప్లగ్ పీకుతూ మళ్లీ లెక్కపెట్టు. అన్ని ప్లగ్‌లు పీకి, బోర్డులోని ఎంసీబీ స్విచ్‌లు కిందికి దించినా మెరుస్తుంటే అది వైరింగ్‌లో లీకేజీ కావచ్చు. దాన్ని ముట్టుకోకు, ఎలక్ట్రీషియన్‌ను పిలువు.

ఖర్చేమీ లేదు. ఈ రాత్రి చేసి చెప్పు.

సుబేదారి టీచరమ్మ (హన్మకొండ) | ఏప్రిల్ 23, ఉదయం 7:35

నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. మీ అమ్మగారి సంగతి చదివి రాయకుండా ఉండలేకపోయాను. మా అత్తమ్మ కూడా మూడేళ్ల కింద సరిగ్గా ఇలాగే ఇబ్బంది పడింది.

ఎండాకాలం మిద్దె ఇంట్లోకి వచ్చే వేడిలో పెద్ద వాటా పైకప్పుదే. సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, గోడల కన్నా స్లాబ్ మీదే ఎక్కువసేపు పడతాడు. అయిదంగుళాల కాంక్రీటు ఆ వేడిని వెంటనే కిందికి పంపదు. నాలుగైదు గంటలు దాచుకుని, సాయంత్రం నుంచి మెల్లమెల్లగా గదిలోకి వదులుతుంది. అందుకే మధ్యాహ్నం రెండింటికన్నా రాత్రి తొమ్మిదింటికి ఎక్కువ ఉక్కగా అనిపిస్తుంది. అంటే ఫ్యాన్‌ది తప్పు కాదు. సీలింగ్ దగ్గరున్న వేడి గాలినే అది కిందికి తెస్తోంది. ఏసీ పెడితే చల్లబడుతుంది, కానీ ఏసీ చల్లార్చేది గదిని మాత్రమే కాదు, ఆ మొత్తం స్లాబ్‌ను. మూడు నెలల పాటు ప్రతి రాత్రీ దాంతో కుస్తీ పట్టాలి.

నల్ల షీటు అయితే వచ్చిన ఎండనంతా మింగేస్తుంది. తెలుపు వెనక్కి పంపిస్తుంది. ఇంతే తేడా, కానీ చాలా పెద్ద తేడా. కొందరు వెండి రంగు అల్యూమినియం పెయింట్ వేయమంటారు. అది వద్దు. అది ఎండను తిప్పికొడుతుంది గానీ తాను ఒకసారి వేడెక్కితే ఆ వేడిని తొందరగా బయటికి వదలదు. తెల్ల పూత రెండు పనులూ చేస్తుంది. డబ్బా కొనేటప్పుడు ఎస్‌ఆర్‌ఐ (ఎండను తిప్పికొట్టి, వేడిని వదిలే గుణానికి కొలత) ఎంత అని అడగండి, 100 దగ్గర ఉన్నది తీసుకోండి. మన రాష్ట్రంలో 2023 నుంచి కూల్‌రూఫ్ (చల్లని పైకప్పు) పాలసీ కూడా ఉంది. చిన్న ఇళ్లకు తప్పనిసరి కాదు కాబట్టి మనవాళ్లలో చాలామందికి ఆ మాటే తెలియదు.

పిల్లలకు ఇది చెప్పేటప్పుడు నేను పాలంపేట రామప్ప గుడి సంగతి తీస్తాను. ఆ శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలతాయి కదా, ఎందుకంటే లోపలంతా గాలి గదులు. వాళ్లు బరువు తగ్గించడానికి అలా చేశారు. కానీ ఆ గాలి గదులే వేడిని కూడా ఆపుతాయి. ఇప్పుడు గోడలకు దొరికే ఏఏసీ అనే తేలిక దిమ్మెల కిటుకు కూడా అదే. మన అమ్మమ్మల గూన పెంకుటిళ్లలో అటక ఉండేది, దాని మీద వడ్లో కట్టెలో పెట్టేవాళ్లు. పెంకుకూ మనకూ మధ్య ఒక గాలి పొర, ఒక సామాను పొర. ఆ ఇళ్లు చల్లగా ఉండేవంటే మట్టి గోడల మహిమ ఒక్కటే కాదు. మిద్దె కట్టుకున్నాక మనకు పొర ఒక్కటే మిగిలింది.

కరీంనగర్ కిరాయిదారు | ఏప్రిల్ 23, మధ్యాహ్నం 1:15

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మాది కిరాయి ఇల్లు, పైన సున్నమో పెయింటో వేయిద్దామంటే ఓనరు ఒప్పుకోవడం లేదు. మాకు రేషన్ కార్డు ఉంది, 2024 మార్చి నుంచి గృహజ్యోతి (200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు) కింద జీరో బిల్లే వచ్చేది. పోయిన నెల 214 యూనిట్లు కాలింది, పదకొండు వందల పైన కట్టాల్సి వచ్చింది. పద్నాలుగు యూనిట్ల కోసం అంతా కట్టడమంటే ప్రాణం ఉసూరుమంది. ఇల్లు ముట్టుకోకుండా ఇరవై ముప్పై యూనిట్లు ఎలా తగ్గించాలి?

రిటైర్డ్ వైర్‌మ్యాన్ | ఏప్రిల్ 23, మధ్యాహ్నం 2:40

అమ్మా, తప్పకుండా తగ్గుతుంది. 200 దాటితే జీరో బిల్లు పోతుంది, దాటిన పద్నాలుగింటికి కాదు, మొత్తానికి కట్టాలి. కార్డు లేని వాళ్లకు కూడా 200 దగ్గర ఒక పెద్ద మెట్టు ఉంది. 200 యూనిట్లకు మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80, మొత్తం 820 రూపాయలు. అదే 201 అయితే లెక్కే మారుతుంది. మొదటి 200కు 5.10, ఆపైన దానికి 7.70, మొత్తం 1,027 రూపాయలు. ఒక్క యూనిట్‌కు 200 రూపాయల పైచిలుకు. 300 దాటితే 9, 400 దాటితే 9.50. ఫిక్స్‌డ్ చార్జీలు, కస్టమర్ చార్జీలు వేరే.

నీకు రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు (తక్కువ కరెంటు తాగే కొత్త రకం మోటారువి) చాలు. పాత ఫ్యాన్ 70, 75 వాట్లు తింటుంది, ఇది 30 దగ్గర. ఎండాకాలం రోజుకు 18 గంటలు తిరిగిందనుకో, ఒక్క ఫ్యాన్ మీద నెలకు 24 యూనిట్లు మిగులుతాయి. రెండింటి మీద 48. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు విప్పుకుని పోవచ్చు, పాతవి జాగ్రత్తగా దాచి మళ్లీ బిగించి ఇవ్వు. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి చేశారు, అయిదు స్టార్లు చూసి తీసుకో. పాత చోక్ ట్యూబ్‌లైట్లుంటే అవి కూడా తీసెయ్. నలభై వాట్లని పేరే గానీ చోక్‌తో కలిపి యాభై దాటుతుంది. ఇరవై వాట్ల ఎల్‌ఈడీ ఇంచుమించు అంతే వెలుగిస్తుంది.

బిల్లు తీసిన నాటి నుంచి పదో రోజు, ఇరవయ్యో రోజు మీటరు రీడింగ్ రాసిపెట్టుకో. 130 దాటిందని ఇరవయ్యో రోజున తెలిస్తే మిగతా పది రోజులు జాగ్రత్త పడొచ్చు. బిల్లు వచ్చాక తెలిసి లాభం లేదు.

నయీంనగర్ పైపోర్షన్ | ఏప్రిల్ 23, రాత్రి 11:45

వైర్‌మ్యాన్ సార్, ఇప్పుడే మెట్ల కింద సెల్‌ఫోన్ లైటుతో నిలబడి లెక్కపెట్టాను. మా బాబు టైము చూశాడు. అన్నీ బంద్ చేశాక కూడా నిమిషానికి 5 సార్లు మెరుస్తోంది! మీ లెక్క ప్రకారం 95 వాట్లు. టీవీ సెట్‌టాప్ బాక్సు, వైఫై పీకాం. 4 అయింది. ఫోన్ చార్జర్లు పీకాం, మార్పు లేదు. చివరికి ఇన్వర్టర్ స్విచ్ తీసేశాం. రెండు నిమిషాలు కళ్లార్పకుండా చూశాం, ఒక్కసారి కూడా మెరవలేదు.

అంటే ఇన్వర్టరే 75 వాట్లు తాగుతోందా? అసలు కరెంటు పోనే లేదు కదా ఈ రోజు?

రిటైర్డ్ వైర్‌మ్యాన్ | ఏప్రిల్ 24, ఉదయం 5:50

దొరికింది. బ్యాటరీ ఎన్నేళ్లది? ఏడెనిమిదేళ్లదైతే దాని పని అయిపోయింది. పాత బ్యాటరీ ఎప్పటికీ నిండదు, ఇన్వర్టర్ దానికి చార్జింగ్ పెడుతూనే ఉంటుంది. ఆ కరెంటంతా లోపల వేడిగా పోతుంది. బ్యాటరీ మీద చెయ్యి పెట్టి చూడు, గోరువెచ్చగా ఉంటుంది. 75 వాట్లు రోజుకు 24 గంటలు, నెలకు 54 యూనిట్లు. నువ్వు 400 దాటావు కాబట్టి యూనిట్ 9.50, అంటే నెలకు 500 పైన. డిస్టిల్డ్ వాటర్ తగ్గిందేమో ముందు చూడు, ఒక్కోసారి అదే కారణం. లేకపోతే మార్చెయ్. బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం చార్జింగ్ ఆపి పక్కన పెట్టు, దాని దగ్గర అగ్గిపుల్ల కూడా గీయొద్దు.

మేస్త్రీ పని (నర్సంపేట) | ఏప్రిల్ 24, రాత్రి 8:30

అన్నా నేను 22 ఏళ్ల నుంచి స్లాబ్ పని చేస్తున్నా. మీ మిద్దె రెండు రకాలుగా ఉంది కాబట్టి రెండు రకాల మందు కావాలి.

షీటు లేని ముందు సగానికి సున్నం చాలు. పెయింట్ అక్కర్లేదు. వంద అడుగులకు నాలుగైదు కిలోలు పడుతుంది. రాతి సున్నం తెచ్చి ముందు రోజే ఇనుప డ్రమ్ములో నానేయండి, నీళ్లు పోయగానే కుతకుత ఉడుకుతుంది, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. తెల్లారి పాత చీరతో వడకట్టండి. ఇరవై లీటర్ల బకెట్‌కు అర కిలో ఫెవికాల్ లాంటి బంక కలపండి, లేకపోతే నడిస్తే కాళ్లకు అంటుకుంటుంది. చిక్కటి గంజిలా ఉండాలి. స్లాబ్ ఊడ్చి, కడిగి, పగుళ్లుంటే పూడ్చి, సాయంత్రం ఎండ తగ్గాక స్లాబ్ తడిపి అప్పుడు వేయండి. ఎండలో వేస్తే నిమిషంలో ఎండి పొడిలా రాలుతుంది. మొదటి చేయి నిలువుగా, రెండోది అడ్డంగా, మూడోది మళ్లీ నిలువుగా. మధ్య మధ్య ఆరనివ్వాలి. కళ్లకు అద్దాలు తప్పనిసరి. సున్నం కంట్లో పడితే చూపు పోతుంది, మా దగ్గర ఒక పిల్లగాడికి తృటిలో తప్పింది. పడితే వెంటనే నీళ్లతో చాలాసేపు కడుగుతూ దవాఖానకు పోవాలి.

డాంబరు షీటు మీద సున్నం నిలవదు, పెచ్చులు లేస్తుంది. దానికి షీటు మీద పట్టే ప్రైమర్ కొట్టి, పైన రబ్బరులా సాగే తెల్ల కోటింగ్ రెండు చేతులు వేయాలి. షీటు పీకొద్దు, పీకితే మళ్లీ కారుతుంది.

సున్నం వానాకాలానికి పలచబడుతుంది. ఏటా శివరాత్రి పోయాక ఒకసారి వేసుకోవాలి. కోటింగ్ అయితే నాలుగైదేళ్లు ఉంటుంది గానీ ఏడాదికోసారి దుమ్ము కడగాలి. నీళ్లు పోయే తూములు మూయొద్దని వేరే చెప్పాలా, 2023 జూలైలో మీ నయీంనగర్ ఎలా మునిగిందో మీకే తెలుసు.

ఇంకొకటి, కుండలు బోర్లించి పైన కాంక్రీటు పోయమని ఎవరైనా చెప్తారు. చల్లగా ఉంటుంది నిజమే, కానీ 2004 స్లాబ్ మీద అంత బరువు ఇంజనీరుకు చూపించకుండా వేయొద్దు.

కోల్‌బెల్ట్ బిడ్డ (గోదావరిఖని) | ఏప్రిల్ 25, ఉదయం 9:05

మిద్దెల సంగతి బాగుంది, రేకుల ఇళ్ల సంగతి కూడా ఎవరైనా చెప్పండి. మాది సిమెంటు రేకుల ఇల్లు. మే నెలలో రామగుండం ఎండ గురించి కొత్తగా చెప్పేదేముంది, 45 దాటడం మాకు మామూలే. పదకొండు గంటలకే ఇల్లు కొలిమి అవుతుంది. రెండేళ్ల కింద రేకుల మీద తెల్ల పెయింట్ వేశాం. మొదటి నెల ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆర్నెల్లకు బొగ్గు దుమ్ము పట్టి బూడిద రంగులోకి వచ్చింది, మళ్లీ మొదటికొచ్చాం. రేకుల కింద థర్మాకోల్ కొట్టించమంటున్నారు, మంచిదేనా?

సుబేదారి టీచరమ్మ | ఏప్రిల్ 25, సాయంత్రం 5:20

థర్మాకోల్ వద్దు తమ్ముడూ. అది వేడిని ఆపుతుంది కానీ నిప్పు తగిలితే కరిగి మండుతుంది, పొగ విషం. రేకుల కింద వైర్లు పోతుంటాయి, వంటిల్లు పక్కనే ఉంటుంది. ప్రాణం కన్నా చల్లదనం ఎక్కువ కాదు. రేకులకు ఒక అడుగు కిందగా వెదురు తడకల సీలింగ్ కట్టించండి, వంటిల్లు వదిలేసి. ఆ అడుగు ఖాళీలోని వేడి గాలి బయటికి పోయేలా రెండు చివర్లా, గోడ పైభాగంలో జాలీలు పెట్టించండి. ఆ రెండు జాలీలు లేకపోతే సగం ఫలితమే.

పెయింట్ మీద దుమ్ము పడితే కడగాల్సిందే. పైపుతో నీళ్లు కొట్టి మెత్తటి చీపురుతో. సిమెంటు రేకుల్లో చాలావాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఇనుప బ్రష్‌తో పొడిగా రుద్దితే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చాలా చెడ్డది. రంధ్రాలు కూడా వేయొద్దు. రేకు మీద నేరుగా కాలు పెట్టొద్దు, చెక్క వేసుకుని దాని మీద నడవండి.

భీమారం అమ్మ (హన్మకొండ) | ఏప్రిల్ 26, మధ్యాహ్నం 3:10

పడమటి కిటికీల గురించి నా అనుభవం. మేం లోపల మందపాటి పరదాలు వేశాం, ఎంత మందం వేసినా లాభం లేకపోయింది. ఎండ అద్దం దాటి లోపలికొచ్చాక పరదా వేడెక్కుతుంది, ఆ వేడి ఇంట్లోనే ఉంటుంది. బయటి వైపు ఆపాలి. సజ్జా నుంచి కిందికి గ్రీన్ నెట్ కట్టాం. రెండు వారాల్లో కోతులు చింపేశాయి. తర్వాత ఇనుప ఫ్రేము చేయించి దానికి వెదురు తడక బిగించాం, ఇప్పటికి రెండేళ్లు, ఒక్క పుల్ల కూడా పోలేదు. గోడకూ తడకకూ మధ్య జానెడు సందు ఉండాలి.

ఇంకా మేం చేసేది: పొద్దున ఎనిమిదిన్నరకు కిటికీలన్నీ మూసేస్తాం, రాత్రి తొమ్మిది తర్వాత అన్నీ తెరుస్తాం, దోమల జాలీలున్నాయి. చాలామంది పగలు గాలి రావాలని తెరిచి ఉంచుతారు, వచ్చేది వడగాలి. కూలర్ వేస్తే మాత్రం ఎదురు కిటికీ ఒకటి తెరిచే ఉంచాలి. మూసిన గదిలో కూలర్ నడిస్తే తేమ నిండి ఒళ్లంతా జిడ్డు. పొడి ఎండ ఉన్నన్నాళ్లు, మే చివరి దాకా, ఏసీ కన్నా కూలరే మాకు హాయి. 180 వాట్లతో పని అవుతుంది. తొలకరి పడ్డాక దాన్ని కట్టేసి పైన పెట్టేస్తాం, అప్పుడు అది పనిచేయదు.

జగిత్యాల సోలార్ | ఏప్రిల్ 26, రాత్రి 9:00

అందరూ చెప్పింది చదివాను. నేను మొదట రాసిన దాంట్లో ఒకటి మార్చుకుంటున్నా. నేను మూడు కిలోవాట్లు పెట్టించినప్పుడు మా ఇంట్లో నాలుగు పాత ఫ్యాన్లు, పాత ఫ్రిజ్ ఉండేవి. ముందు అవి మార్చి ఉంటే రెండు కిలోవాట్లే సరిపోయేవి, జేబులోంచి పెట్టిన దాంట్లో చాలా మిగిలేది. కాబట్టి ముందు వాడకం తగ్గించి, ఒక ఎండాకాలం రీడింగులు చూసి, తర్వాత ఎన్ని కిలోవాట్లో తేల్చుకోండి. ఒక్కటి మాత్రం ఇప్పుడే చూసుకోండి, మీటరు ఎవరి పేరున ఉంది? దరఖాస్తు చేసేవాళ్ల పేరూ బిల్లు మీది పేరూ ఒకటే ఉండాలి. మాకు నాన్న పేరున ఉంటే మార్పించుకోవడానికే నెల పట్టింది.

నయీంనగర్ పైపోర్షన్ | ఏప్రిల్ 27, రాత్రి 10:30

మీటరు మా నాన్నగారి పేరునే ఉంది. ఆయన పోయి నాలుగేళ్లయింది. రేపే ఆ పని మొదలుపెడతాను. రెండో ఏసీ ఆలోచన మానుకున్నాం. బ్యాటరీ ఎనిమిదేళ్లది, నీళ్లు సరిగ్గానే ఉన్నాయి, కాబట్టి మార్చక తప్పదు. గాలిదుమారాలకు కరెంటు పోతుంటుంది, ఇన్వర్టర్ లేకుండా అమ్మను ఉంచలేను. కొత్త బ్యాటరీ, మూడు బీఎల్‌డీసీ ఫ్యాన్లు, ముందు సగానికి సున్నం, వెనక సగానికి ప్రైమర్, కోటింగ్. మేస్త్రీ అన్న చెప్పినట్టే చేయిస్తా.

నయీంనగర్ పైపోర్షన్ | మే 6, సాయంత్రం 4:15

మిద్దె పని నిన్నటితో అయింది. మా స్నేహితుడి బైక్ మెకానిక్ షాపులో ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే తెచ్చాను. వెనక సగంలో నీళ్ల ట్యాంకు పక్కన రెండడుగుల నల్ల షీటు, ముందు సగంలో ఒక మూల కొంచెం మామూలు కాంక్రీటు, కొలవడానికని కావాలనే వదిలేయించాను. ఇవాళ మధ్యాహ్నం రెండున్నరకు చూస్తే నల్ల షీటు 67 డిగ్రీలు. మామూలు కాంక్రీటు 58. సున్నం 43. తెల్ల కోటింగ్ 41.

అంకెలు చూశాక కూడా నమ్మబుద్ధి కాలేదు. చెప్పులు విప్పి కోటింగ్ మీద నిలబడ్డాను, నిలబడగలిగాను. ఒక్క అడుగు పక్కన షీటు మీద కాలు పెట్టి వెంటనే తీసేశాను. ఇన్నాళ్లు అమ్మ నెత్తి మీద ఉన్నది అదే. మెట్లు దిగి వచ్చి అమ్మ గదిలో సీలింగ్ కొలిస్తే 36. పని మొదలుపెట్టే ముందు రోజు అదే టైముకు 42 ఉండింది, ఆ రోజు ఎండ కూడా ఇంచుమించు ఇంతే.

మేస్త్రీ పని | మే 6, రాత్రి 7:40

సంతోషం అన్నా. ఆ వదిలేసిన రెండు ముక్కలు కూడా వేయించేయండి. షీటు ముక్క అంచు ఎండకు లేస్తే అక్కణ్నుంచే నీళ్లు దిగుతాయి.

కరీంనగర్ కిరాయిదారు | మే 21, ఉదయం 10:00

వైర్‌మ్యాన్ బాబాయ్, ఈ నెల 178 యూనిట్లు! రెండు ఫ్యాన్లు మార్చాను, వంటింట్లో ట్యూబ్‌లైటు మార్చాను, పదో రోజు, ఇరవయ్యో రోజు రీడింగులు రాసి ఫ్రిజ్ మీద అంటించాను. మళ్లీ జీరో బిల్లు వచ్చింది. ఫ్యాన్ల డబ్బు మూడు నాలుగు నెలల్లో వచ్చేసినట్టే. మా పక్క పోర్షన్ వాళ్లకు కూడా మీరు చెప్పిన ఎర్రలైటు లెక్క నేర్పించాను.

నయీంనగర్ పైపోర్షన్ | మే 24, రాత్రి 10:05

ఈ నెల బిల్లు వచ్చింది. 331 యూనిట్లు. ఏప్రిల్ కన్నా ఎండలు ఎక్కువున్నాయి, అయినా 155 తగ్గాయి. డబ్బులో చూస్తే 1,400 పైన. ఇందులో బ్యాటరీ వాటా 50 దాకా, మూడు ఫ్యాన్లది 70 దాకా ఉంటుందని నా లెక్క. మిగతాది ఏసీ. ఇంతకుముందు 22 మీద పెట్టినా రాత్రి రెండింటి దాకా కంప్రెసర్ ఆగేది కాదు. ఇప్పుడు 26 మీద పెట్టి ఫ్యాన్ వేస్తే పదకొండుకల్లా ఆగి ఆగి నడుస్తోంది. డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు తగ్గుతుందని మా ఆఫీసులో ఒకరు చెప్పారు, కానీ గది చల్లబడకపోతే ఎవరు పెంచుతారు? మిద్దె తెల్లబడ్డాకే పెంచగలిగాం.

భీమారం అమ్మ గారూ, మీరు చెప్పిన తడక ఫ్రేము అమ్మ గది కిటికీకి పెట్టించాను. కోతులు ఒకసారి వచ్చి ఊపి చూసి పోయాయి.

అమ్మ హాల్లో పడుకోవడం మానేసింది. మొన్న రాత్రి నేను మంచినీళ్లకు లేచి చూస్తే తన గదిలో, తన మంచం మీద, దుప్పటి కాళ్ల మీదికి లాక్కుని నిద్రపోతోంది. తలుపు దగ్గర కాసేపు నిలబడి చూశాను. మీ అందరికీ ఎలా చెప్పాలో తెలియడం లేదు.

రిటైర్డ్ వైర్‌మ్యాన్ | మే 25, ఉదయం 5:45

అమ్మకు నా నమస్కారం చెప్పు తమ్మీ. ఇప్పుడు ఆ 2011 ఫ్రిజ్ సంగతి చూద్దాం. తలుపు రబ్బరులో ఒక కాగితం పెట్టి మూసి, మెల్లగా లాగు. బిగువుగా వస్తే రబ్బరు బాగున్నట్టు. ఊరికే జారి వస్తే అక్కణ్నుంచి చల్లదనం బయటికి పోతోంది. నాలుగు వైపులా చూడు. వెనక గోడకు ఎంత దూరం ఉందో కూడా చూడు, జానెడు ఉండాలి.

నయీంనగర్ పైపోర్షన్ | మే 25, ఉదయం 8:20

చూశాను సార్. పైన, రెండు పక్కలా పట్టుకుంది. కింది వైపు కాగితం దానంతట అదే జారి నేల మీద పడింది. గోడకు నాలుగు వేళ్ల దూరం కూడా లేదు, ముందుకు జరిపాను. రబ్బరు మార్చడానికి మెకానిక్ సాయంత్రం వస్తానన్నాడు. మార్చాక రాత్రి మళ్లీ మీటరు దగ్గర లెక్కపెట్టి రాస్తాను.